తాళాల గుత్తి ఎవరి బొడ్డున?

మామయ్య హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు, ఇరవై రెండేళ్ల సర్వీసు. మేనకోడలు మరో కంపెనీలో ప్రోగ్రామరు; నాలుగేళ్లుగా తెనాలిలో సొంత ఇంటి మేడగదిలోంచే పని. కనుమ నాటి మధ్యాహ్నం ఆమెకు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది: వచ్చే నెల ఒకటి నుంచి వారానికి ఐదు రోజులు ఆఫీసుకు రావాలి, విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సొంతంగా వేసుకున్న ల్యాప్‌టాప్‌లు అప్పజెప్పి, కంపెనీ సిద్ధం చేసి ఇచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లు తీసుకోవాలి. గారెల పళ్లెం ముందు మొదలైన వాదన ఇది. నా మొగ్గు ఎటో నాలుగు మాటలు చదివితే తెలిసిపోతుంది, దాచను. మామయ్య మాటల్లో జవాబు దొరకనివాటిని మాత్రం దొరకనట్టే వదిలేశాను.

మామయ్య: రెండు వేరువేరు సంగతులకు కలిపి ఒకటే ఏడుపు ఏడుస్తున్నావు. ఆఫీసుకు రమ్మనడం వేరు, ల్యాప్‌టాప్ మార్చమనడం వేరు.

మేనకోడలు: ఒకటేనని రాసినవాళ్లకు తెలుసు మామయ్యా, అందుకే ఒకే ఉత్తరంలో పెట్టారు. అమ్మమ్మ బొడ్డున తాళాల గుత్తి ఉండేది, గుర్తుందా? బియ్యం కొట్టుది, బీరువాది, పెరటి తలుపుది, అన్నీ దానికే. అత్తయ్య కాపురానికొచ్చి పదేళ్లయినా గుప్పెడు పంచదార కావాలంటే అమ్మమ్మను అడగాల్సిందే. లినక్స్‌లో రూట్ అంటే, యంత్రంలో ఏదైనా మార్చగలిగే అధికారం, ఆ గుత్తి. ఇన్నాళ్లూ నా యంత్రం గుత్తి, నా రోజు గుత్తి రెండూ నా దగ్గరున్నాయి. ఇప్పుడు రెండూ ఇచ్చెయ్యమంటున్నారు.

మామయ్య: మీ అత్తయ్యను మధ్యలోకి లాగకు. అయినా ఆ గుత్తి అమ్మ దగ్గర ఉండబట్టే ముగ్గురు ఆడపిల్లల పెళ్లిళ్లకు ఆ కొట్లో బియ్యం మిగిలాయి. మాది బ్యాంకుల పని. ఆడిటరు వచ్చి ఏ యంత్రంలో ఏముందో చూపించమంటాడు. లినక్స్‌లోనే ఒకడిది ఉబుంటు రకం, ఒకడిది ఆర్చ్ రకం, ఇంకొకడిది తనే రాత్రంతా కూర్చుని కంపైల్ చేసుకున్నది. ఆయనకు నేనేం చూపించాలి?

మేనకోడలు: అందరిదీ ఒకే రకమైతే ఏమవుతుందో 2024 జులై 19న చూశాం కదా. ఒక భద్రతా సాఫ్ట్‌వేర్‌కు తప్పుడు అప్‌డేట్ వచ్చింది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

మామయ్య: నువ్వు వార్త చదివావు, నేను ఆ రోజు డ్యూటీలో ఉన్నాను. శుక్రవారం. ఆఫీసులో ఉన్న యంత్రాలను మావాళ్లు నలుగురు కుర్చీ కుర్చీకీ తిరిగి సాయంత్రానికి లేపారు. ఇళ్లలో ఉన్నవాళ్ల సంగతి? డిస్కు తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. ఒక్కొక్కరికీ ఫోనులో చదివి వినిపించాం. రాజమండ్రిలో ఒకమ్మాయి మూడుసార్లు తప్పు కొట్టి ఏడ్చేసింది. ఆమె యంత్రం సోమవారానికి గాని లేవలేదు. మనిషికీ యంత్రానికీ దగ్గరగా ఇంకో మనిషి ఉండాలనేది ఆ రోజు నాకు తెలిసింది.

మేనకోడలు: ఆ అమ్మాయి చేతిలో రూట్ ఉంటే…

మామయ్య: ఆ అమ్మాయి టెస్టరు. అందరూ నీలా లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ రాసే లాగ్ చదువుకుంటూ అన్నం తినరు.

మేనకోడలు: సరే, అది ఒప్పుకుంటాను.

మామయ్య: ఒప్పుకున్నావు కాబట్టి ఇంకొకటి. నిన్న మావాడి పెళ్లి శుభలేఖ పంపాను, నీ గొప్ప లినక్స్‌లో తెరుచుకుందా?

మేనకోడలు: అది లినక్స్ తప్పు కాదు! ప్రెస్సు ఆయన పాత డీటీపీ ఫాంటులో కొట్టారు. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల గళ్లలో మన ఒత్తులూ గుణింతాలూ ముక్కలుగా కూర్చి పెడతారు. ఫాంటు లేనిచోట పిచ్చి గీతలే కనిపిస్తాయి. మీ విండోస్‌లో అయినా అంతే.

మామయ్య: నా దాంట్లో చక్కగా కనిపించింది.

మేనకోడలు: మీ దాంట్లో ఆ ఫాంటు వేసి ఉంది కాబట్టి. అదే ప్రతి అక్షరానికీ అన్ని యంత్రాల్లో ఒకే అంకె ఉండే యూనికోడ్‌లో కొట్టి ఉంటే ఏ యంత్రంలోనైనా తెరుచుకునేది.

మామయ్య: యూనికోడ్ గొప్ప కూడా చూశాంలే. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ వాళ్లు అప్‌డేట్ ఇచ్చేదాకా తెలుగు అక్షరమంటే ప్రపంచం భయపడింది. ఈ పాత ఫాంటు పాతికేళ్లలో ఒక్క ఫోనునైనా చంపిందా?

మేనకోడలు: అది ఫోనులో అక్షరాలు పేర్చే ప్రోగ్రాము తప్పు, యూనికోడ్ తప్పు కాదు. ఆ ‘జ్ఞా’లో కంటికి కనపడని సున్నా వెడల్పు గుర్తు ఒకటి…

(వంటింట్లోంచి అమ్మ ముహూర్తం ఎన్నింటికని అడిగింది. శుభలేఖ చదివింది ఒక్క మామయ్యే. ఆయనకూ గుర్తులేదు.)

మామయ్య: అది వదిలెయ్. ఎదురెదురుగా కూర్చోకుండా పెద్ద పని సాగదు. ఇది నా అనుభవం.

మేనకోడలు: మీ సర్వర్లన్నీ దేనిమీద నడుస్తున్నాయి మామయ్యా? లినక్స్ మీదే. అది ఎక్కడ తయారైంది? 1991 ఆగస్టులో హెల్సింకిలో లీనస్ టొర్వాల్డ్స్ అనే విద్యార్థి, సరదాకి ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని ముక్కూ మొహం తెలియనివాళ్లకు కబురు పెట్టాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ కెర్నల్‌కు ఆఫీసంటూ లేదు, హాజరు పట్టీ లేదు. ఒకరికొకరు పోటీపడే కంపెనీలవాళ్లు, ఏ కంపెనీలోనూ లేనివాళ్లు, వేల మంది మెయిల్‌లో ప్యాచులు, అంటే కోడులో చిన్న మార్పులు, పంపుకుంటారు. తొమ్మిది పది వారాలకోసారి కొత్త కెర్నల్ తప్పకుండా వస్తుంది. టొర్వాల్డ్స్ ఓరెగన్‌లో తన ఇంట్లోనే కూర్చుని వాటిని కలుపుతాడు. 2017 నవంబరు నుంచి ప్రపంచంలో మొదటి 500 సూపర్ కంప్యూటర్లలో లినక్స్ కానిది ఒక్కటీ లేదు. ఎలా సాగిందంటారు? రాత వల్ల. ఏ వరుస ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరు వద్దన్నారు, అంతా రాసి ఉంటుంది. 2005లో ఆయన గిట్ అనే మార్పుల చిట్టా ప్రోగ్రాము కట్టుకున్నది ఈ పని కోసమే. ఇవాళ మీ ఆఫీసు కూడా దానిమీదే బతుకుతోంది. మీ మీటింగు గదిలో ఏం జరుగుతుంది? నిర్ణయాన్ని మార్కరుతో బోర్డు మీద రాస్తారు, సాయంత్రం ఆయా వచ్చి తుడిచేస్తుంది. ఆరు నెలల తర్వాత ఎందుకిలా చేశామని అడిగితే “అప్పుడు అనుకున్నాం కదా” అంటారు. ఎవరు అనుకున్నారో ఆ ఆయాకే తెలియాలి.

మామయ్య: బాగా చెప్పావు. మరి ఎక్స్‌జెడ్ సంగతి? దాదాపు లినక్స్ యంత్రాలన్నింటిలో ఉండే, ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాము అది. దాన్ని చూసుకునేది ఒంటరి మనిషి, అలసిపోయి ఉన్నాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓపికగా ప్యాచులు పంపి, మంచివాడనిపించుకుని, తాళాలు చేతికి తీసుకుని, 2024 మొదట్లో అందులో దొంగ తలుపు పెట్టారు. ఆ మనిషి మొహం ఎవరూ చూడలేదు. ఆడో మగో, ఒకడో పదిమందో తెలియదు. రాత అంతా ఉంది తల్లీ, రాసిన మనిషే లేడు. మా ఆఫీసులో అయితే మొదటి రోజే గేటు దగ్గర ఆధార్ కార్డు అడిగేవాళ్లు.

మేనకోడలు: (కొంచెం ఆగి) పట్టుకున్నదెవరో కూడా చెప్పండి. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ప్రోగ్రామరుకు తన యంత్రంలో లాగిన్ అర సెకను ఆలస్యమవుతున్నట్టు అనిపించింది. అర సెకను! విప్పి చూశాడు. విప్పి చూసుకునే యంత్రం కాబట్టి చూడగలిగాడు. మూసిపెట్టిన పెట్టె అయితే “ఈవేళ నెమ్మదిగా ఉంది” అనుకుని టీ తాగడానికి వెళ్లేవాడు.

మామయ్య: ఆయనకు జీతమిచ్చేది మైక్రోసాఫ్ట్.

మేనకోడలు: అబ్బా, అది చెప్తారని తెలుసు.

మామయ్య: నవ్వుకున్నది చాలు, అసలు సంగతి విను. 2020, 2021లో చేరిన పిల్లలు మా టీములో పదకొండు మంది. మొదటి ఏడాదిన్నర ఆఫీసు గుమ్మం తొక్కలేదు. తెలివిలేనివాళ్లు కాదు. కానీ ఒకచోట ఆగిపోతే మెసేజ్ పెట్టి అడగడానికి సిగ్గు. రాసి అడగాలంటే తనకేం తెలియదో ముందు తనకు తెలియాలి కదా? పక్క కుర్చీలో ఉంటే నేను నీళ్లకు వెళ్తూ వాడి స్క్రీను చూస్తాను. గంటగా అదే ఎర్ర గీత కనిపిస్తే భుజం తట్టి చెప్తాను. నీ కెర్నల్‌లోకి వచ్చేవాళ్లు అడగడం వచ్చినవాళ్లు, రానివాళ్లు గుమ్మంలోంచే వెనక్కి పోతారు. పోయినవాళ్ల లెక్క ఏ గిట్‌లోనూ ఉండదు. ఇంకొకటి, నీకు మేడగది ఉంది. అమీర్‌పేట హాస్టల్లో గదికి నలుగురున్నవాడికి ‘ఇల్లు’ అంటే మంచం. వాడికి ఆఫీసు ఏసీయే సుఖం.

మేనకోడలు: దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. కొత్తవాళ్ల కోసం నెలకు వారం రోజులు హైదరాబాద్‌లో ఉంటానని నేనే అడిగాను. అవునూ కాదూ అనలేదు. వాళ్లకు కావలసింది పిల్లలకు నేర్పడం కాదు మామయ్యా. ఆ కొత్త ల్యాప్‌టాప్‌లో మౌసు ఎన్ని నిమిషాలకు కదిలిందో లెక్కపెట్టే ప్రోగ్రాము ఉంది. నేను అరగంట కిటికీలోంచి చూస్తూ ఆలోచిస్తే పని చేయనట్టు. పక్కన కూర్చోబెట్టుకుని భుజం తట్టాలనుకునేవాడికి మౌసు లెక్క ఎందుకు?

మామయ్య: (గారె పక్కన పెట్టి) అది మాకూ పెట్టారు.

మేనకోడలు: మీ మౌసుకు కూడానా?

మామయ్య: మేనేజర్ల మౌసుకే ముందు పెట్టారు. …జవాబు రాశావా?

మేనకోడలు: రాశాను. వినండి. “రెండు ఆదేశాలూ ఒకే అపనమ్మకం నుంచి పుట్టినవని నా అభిప్రాయం…”

మామయ్య: ఆ వాక్యం తీసెయ్. అపనమ్మకం అన్నావంటే రెండో వాక్యం ఎవరూ చదవరు. నెలకు వారం అన్నావే, దాన్ని పైన పెట్టు. కొత్తవాళ్ల సంగతి నువ్వే ముందు ఎత్తు, లేకపోతే నాలాంటివాడు మొదట అదే పట్టుకుంటాడు. అంతా అయ్యాక అడుగు, మౌసు లెక్క ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు అని.

మేనకోడలు: అంటే నా వైపుకు వచ్చినట్టేనా?

మామయ్య: లేదు. ఉత్తరం బాగా లేదన్నాను, అంతే. పీడీఎఫ్‌లో పంపు, నీ ఫాంట్లు వాళ్ల దగ్గర ఉండవు.