విరిగింది గోరంత, మార్చమనేది కొండంత

ఏసీ వెంట్‌లో గాలిని అటూ ఇటూ తిప్పడానికి చిన్న పిడి ఉంటుంది కదా, నా కారులో ఒకరోజు అది ఊడి చేతిలోకి వచ్చేసింది. తిప్పి చూస్తే, పిడిని ముందు రెక్కకు కరిపించి పట్టే నాలుక విరిగి ఉంది. బియ్యపు గింజంత కూడా లేదు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే పిడి విడిగా రాదు, వెంట్ మొత్తం మార్చాలన్నారు. రెక్కలు బాగున్నాయి, ఫ్రేమ్ బాగుంది. పోయిందల్లా నాలుగు మిల్లీమీటర్ల ప్లాస్టిక్.

నా అభ్యంతరమంతా ఆ 'విడిగా రాదు' అనే మాట మీదే. గ్లోవ్‌బాక్స్ లాచ్ అయినా, సన్‌వైజర్ క్లిప్ అయినా చాలాసార్లు ఇదే జవాబు వస్తుంది. ప్రతి చిన్న ముక్కకూ ఒక పార్ట్ నంబరు, ప్యాకింగ్, గోడౌన్‌లో చోటు పెట్టడం కంపెనీకి భారమే, కాదనను. అందుకని గంపగుత్తగా అమ్ముతారు. వాళ్లు తప్పించుకున్న ఆ భారం మాత్రం కారు యజమాని జేబు మీద, చెత్తకుప్ప మీద పడుతోంది. మోడల్ ఆగిపోయి కొన్నేళ్లు గడిస్తే ఆ గంపగుత్త భాగమూ దొరకదు.

అలాంటప్పుడు ఆ ముక్కను ఇంట్లో తయారుచేసుకోవడం సరదా పని కాదు, సరైన మరమ్మతు. సిలికాన్ అచ్చు తీసి, పోశాక గట్టిపడే రెజిన్ అనే ద్రవం పోయడం ఎప్పటినుంచో ఉన్నదే. త్రీడీ ప్రింటర్ వచ్చాక పని ఇంకా దగ్గరైంది. కరిగిన ప్లాస్టిక్‌ను పొరలుగా పేర్చే పద్ధతి మీద స్ట్రాటసిస్ సంస్థకున్న మూల పేటెంటు గడువు 2009లో తీరింది. అంతకుముందే, 2005లో, బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బౌయర్ రెప్‌రాప్ ప్రాజెక్టు మొదలుపెట్టి, ప్రింటర్ డిజైన్లను ఎవరైనా వాడుకునేలా బయట పెట్టారు. ఈ యంత్రం ఇళ్లలోకి వచ్చింది అలాగే.

నా మొదటి పిడి ఆ విరిగిన పిడికి అచ్చంగా నకలు. వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి, పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేశాను. చక్కగా కూర్చుంది. కారును ఎండలో ఉంచిన నాలుగో రోజుకి మైనంలా వాలిపోయింది. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో డ్యాష్‌బోర్డ్ పైభాగం 80 డిగ్రీలు కూడా దాటొచ్చు. అసలు భాగాన్ని దేనితో చేశారో తెలుసుకోవడం కష్టం కాదు. చాలా భాగాల వెనక వైపు రెండు బాణం గుర్తుల మధ్య ఏబీఎస్, పీపీ లాంటి, ప్లాస్టిక్ రకాన్ని చెప్పే అక్షరాలు పోతపోసి ఉంటాయి. రీసైక్లింగ్ వాళ్ల కోసం పెట్టిన గుర్తులవి, మనకూ పనికొస్తాయి. పీపీ అని ఉంటే మామూలు జిగురు దానికి అంటదు, ఆ ప్రయత్నం మానుకోవచ్చు. ఏబీఎస్ అయితే సుమారు 100 డిగ్రీల వరకు నిలుస్తుంది. ఏఎస్ఏ అనే దాని దగ్గరి చుట్టం అంతే వేడిని ఓర్చుకుంటుంది, పైగా ఎండకు తొందరగా పెళుసుబారదు.

రెండోసారి ఏబీఎస్‌తో చేశాను. ఈసారి నాలుక గట్టిగా ఉండాలని 1.2 మిల్లీమీటర్ల మందాన్ని 2కి పెంచాను. బిగిస్తుండగానే టక్కున విరిగింది. చాలామంది ఇక్కడే పొరబడతారు, నేనూ పడ్డాను. ఈ నాలుక లాంటి క్లిప్ పని బరువు మోయడం కాదు, వంగి మళ్లీ నిటారుగా రావడం. ఎంత వంగాలన్నది ఎదుటి గాడిని బట్టి ఉంటుంది, అది మన చేతిలో లేదు. అంతే వంపుకి, మందం రెట్టింపు చేస్తే నాలుక మొదట్లో ప్లాస్టిక్ రెట్టింపు సాగాల్సి వస్తుంది. అదే పొడవు రెట్టింపు చేస్తే సాగుదల నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే క్లిప్ నిలవాలంటే లావు చేయకూడదు, పొడవు చేయాలి. పిడి లోపల చూస్తే ఇంకో రెండు మిల్లీమీటర్ల చోటు ఖాళీగానే ఉంది! మందాన్ని మళ్లీ 1.2కి దించి, నాలుకను నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు చేస్తే సాగుదల సగం కంటే తగ్గింది.

ఇంకో సంగతి మొదట విరిగిన అసలు ముక్కే చెప్పింది. భూతద్దంతో చూస్తే పగులు సరిగ్గా నాలుక మొదట్లో, లోపలి మూల దగ్గర మొదలైంది. ఆ మూల కత్తిరించినట్టు పదునుగా ఉంది. పదును మూల దగ్గర ఒత్తిడంతా ఒక్కచోట పోగవుతుంది. దాన్ని కొద్దిగా గుండ్రం చేస్తే చాలు. ప్రింట్ చేసేటప్పుడు నాలుకను నిలబెట్టకుండా పడుకోబెట్టాను. కట్టె పీచు వెంబడి తేలిగ్గా చీలినట్టే, ప్రింట్ చేసిన ముక్క పొర వెంబడి చీలుతుంది. పొరలు నాలుక పొడవునా పరుచుకుంటే ఆ బాధ ఉండదు. అందుకే అచ్చంగా నకలు తీయడం తప్పంటాను. నకలు తీస్తే విరిగే గుణం కూడా వచ్చేస్తుంది.

అన్నిటినీ ఇలా చేసుకోవచ్చని మాత్రం అనను. స్టీరింగ్ మధ్యలోని మూత, ఎయిర్‌బ్యాగ్ ఉన్న పిల్లర్ (కిటికీల పక్క స్తంభం) కవర్లు, సీటు పక్క కవర్లు, సీట్‌బెల్ట్‌కి సంబంధించిన ఏ ముక్కా ముట్టుకోకూడదు. ఎయిర్‌బ్యాగ్ కవర్ ఎక్కడ చిరగాలో, ఎటు తెరుచుకోవాలో లెక్కగట్టి చేస్తారు. అది మన అంచనాకు అందేది కాదు. పెద్ద ప్యానెల్ చేసేటప్పుడు మంట గురించీ ఆలోచించాలి. అమెరికా ప్రమాణం ఎఫ్ఎంవీఎస్ఎస్ 302 ప్రకారం కారు లోపలి పదార్థాల్లో మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. మనం ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ తీగకి (ఫిలమెంట్‌కి) ఆ పరీక్ష ఎవరూ పెట్టి ఉండరు. వేలెడంత పిడి వేరు, చేతికి మోకాలికి తగిలే డోర్ ప్యానెల్ వేరు.

ఈ హద్దు లోపల ఉన్న చిన్న ముక్కల విషయంలో కంపెనీలను నేను అడిగేది ఒక్కటే. విడిగా అమ్మడం కుదరకపోతే, లేదా మోడల్ ఆగి స్టాక్ అయిపోతే, డ్రాయింగ్ బయట పెట్టండి. పిడి, క్లిప్, మూత లాంటివాటి డ్రాయింగ్‌లో దాచుకోవాల్సిన రహస్యం ఏముంటుంది? అరుదైన భాగాలను ప్రింట్ చేసి ఇవ్వడం కంపెనీలకు కొత్త కాదు. పోర్షే పాత కార్ల విభాగం 2018లోనే ఆ పని చేస్తున్నట్టు ప్రకటించింది. 292 మాత్రమే తయారైన 959 మోడల్ క్లచ్ రిలీజ్ లివర్‌ని ఉక్కు పొడితో ప్రింట్ చేసింది. ఖరీదైన పాత కార్లకు దక్కిన ఆ శ్రద్ధ మామూలు కారు ఏసీ పిడికి ఎందుకు దక్కకూడదు?

మూడో పిడి ఏఎస్ఏతో చేశాను. ఒక వేసవి గడిచింది, ఇంకా బిగుతుగానే తిరుగుతోంది. దాని కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి, ఏ ప్లాస్టిక్, ఎటు పడుకోబెట్టి ప్రింట్ చేయాలి అన్నదీ కింద చేర్చి, ఆ విరిగిన పాత ముక్కతో పాటు కవర్లో పెట్టి గ్లోవ్‌బాక్స్‌లో ఉంచాను. నా తర్వాత ఈ కారు ఎవరి చేతికి వెళ్లినా వాళ్లకి దొరుకుతుంది.