నలభై గుర్రాల మోటారు గారికి

మహారాజశ్రీ ఔట్‌బోర్డ్ మోటారు గారికి,

చెన్నై వేలచ్చేరి నుంచి తమ ప్రస్తుత యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నిజానికి మనిద్దరం ఒకేసారి కుశలంగా ఉన్న రోజు ఇంతవరకూ రాలేదు. మీరు బాగున్న నెలలో నా జేబు బాగుండదు, నా జేబు బాగున్న నెలలో మీరు పలకరు.

మీ కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. స్టిక్కరు ఎలాగూ సగం ఊడిపోయింది. మీ హార్స్ పవర్ చెప్పే 40 అన్న అంకె ఒక్కటే తళతళలాడుతోంది. దాన్ని మీరు పుట్టిన 1989లో వేసి ఉండరు. మిమ్మల్ని నాకు అమ్మినాయన అమ్మే ముందు రోజు రాత్రి దిద్దించి ఉంటాడని నా అనుమానం. పదిహేను అడుగుల ఫైబర్ పడవ, దాని వెనక మీరు, కింద తుప్పు పట్టిన ట్రైలరు. "అరవై కొడుతుంది సార్, గ్యారంటీ" అన్నాడు. అది 2018. అరవై అంటే ఏమిటో అడగాలని నాకు తోచలేదు. వేలు కాబోలు, రిపేరుకి.

మొదటి రోజు గుర్తుందా? ముట్టుకాడు దగ్గర బ్యాక్‌వాటర్, తెల్లవారుజాము, నీళ్లు అద్దంలా ఉన్నాయి. బావమరిది ముందు కూర్చున్నాడు. పడవలో మీటరు 55 చూపించింది. నా ఛాతీ పొంగింది. బావమరిది ఫోన్‌లో జీపీఎస్ తీసి, "బావా, 38" అన్నాడు. అప్పుడే పక్కన ఈస్ట్ కోస్ట్ రోడ్డు వంతెన మీద సిటీ బస్సు ఒకటి మనల్ని దాటుకుంటూ పోయింది. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న కుర్రాడు చెయ్యి ఊపాడు కూడా. పాత పడవల మీటర్లు నీళ్ల ఒత్తిడిని సన్నటి గొట్టంలోంచి కొలిచి వేగం చెబుతాయనీ, గొట్టంలో ఏది అడ్డుపడినా నోటికొచ్చింది చెబుతాయనీ నాకు తర్వాత తెలిసింది. ఆ మీటరు ఇప్పటికీ తీయలేదు. మంచి మాట చెప్పేవాళ్లు ఇంట్లో ఒక్కరైనా ఉండాలి కదా.

38కీ 60కీ మధ్య ఉన్న 22 కిలోమీటర్ల కోసం నేను తిరిగిన తిరుగుడు మీకు తెలియంది కాదు. కార్బొరేటర్లు నాలుగుసార్లు విప్పాను. రేసింగ్ ప్లగ్గులు వేశాను. పెట్రోల్లో ఏదో సీసా మందు కలిపాను. గాలి బాగా ఆడుతుందని మీ నెత్తి మీద మూత తీసేసి నడిపాను, ఉప్పునీళ్లు తాగి మీరు రెండు వారాలు మూలన పడ్డారు. నీళ్లలో మునిగే మీ కాలిని ఉప్పుకాగితంతో గీకి గీకి నున్నగా చేశాను. ఇన్ని చేశాక జీపీఎస్ పెట్టి చూస్తే 38. ఎదురుగాలి ఉంటే 37. గుడ్డి గుర్రానికి పళ్లు తోమడం అనే మాట చిన్నప్పటి నుంచి వింటున్నదే. నలభై గుర్రాలకి తోమినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కాశిమేడు చేపల రేవు నుంచి మేస్త్రీని పిలిపించాను. నెల్లూరు వైపు మనిషి, జాలర్ల ఫైబర్ పడవల మోటార్లు చూసి చూసి చెవితోనే రోగం పట్టేస్తాడు. వచ్చాడు, మీ మూత ఎత్తకుండా వెనక్కి వంగి, మీ ఫ్యాను చూశాడు. మనం ప్రొపెల్లర్ అంటాం, అతను ఫ్యాను అంటాడు, అదే బాగుంది. "సార్, ఇది పదిహేడు. ఇంత పెద్దది ఎందుకు బిగించారు?" అన్నాడు.

"నేను కాదన్నా, అమ్మినాయన. పెద్దదైతే స్పీడు ఎక్కువ కదా?"

"నాలుగేళ్ల పిల్లోడికి మీ చెప్పులు తొడిగితే అడుగు పెద్దది పడుద్దా సార్?"

పిచ్ అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. మర మేకును చెక్కలోకి తిప్పితే ఒక చుట్టుకు ఇంత అని లోపలికి దిగుతుంది కదా, ఫ్యాను కూడా అంతే. పదిహేడు పిచ్ అంటే ఒక చుట్టుకు 17 అంగుళాలు ముందుకు. మీ గేరు రెండుకి ఒకటి, అంటే మీరు రెండు చుట్లు తిరిగితే ఫ్యాను ఒకటి తిరుగుతుంది. కాగితం మీద లెక్క వేశాను. మీరు నిమిషానికి 4200 చుట్లే తిరుగుతున్నారు, ఆ ప్రకారం మనం గంటకు 54 కిలోమీటర్లు పోవాలి. పోతున్నది 38. మిగతా 16 నీళ్లు చెక్కలాగా గట్టిగా ఉండకపోవడం వల్ల జారిపోతోంది. దాన్నే స్లిప్ అంటారు. పదీ పదిహేను శాతం ఉంటే మామూలే, మనది ముప్పై. మీ వయసు టూ స్ట్రోకు మోటార్లు పూర్తి థ్రాటిల్ మీద 5000 నుంచి 5500 వరకూ తిరగాలి. 4200 దగ్గరే ఆగిపోయారంటే బరువుకి రొప్పుతున్నారన్నమాట. అయిదో గేరులో తిరుమల కొండెక్కమన్నట్టు.

మీకు ఒక క్షమాపణ బాకీ ఉన్నాను. అది ఇదే. ఇక్కడితో సరి.

ఎందుకంటే మేస్త్రీ సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజి పెట్టాక మీ గుట్టు కూడా బయటపడింది. మొదటి సిలిండరు 118, రెండోది 115, మూడోది 92. సిలిండర్ల మధ్య తేడా పది శాతానికి మించకూడదంటారు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందట. మీకున్నవే మూడు కాళ్లు, నేను మరీ మెత్తన అని తెలిసి రెండున్నర మీద నడుస్తున్నారు. మసి పేరుకుపోయి మూడో పిస్టన్ రింగు గాడిలోనే ఇరుక్కుంది. మేస్త్రీ మసి కరిగించే మందు కొట్టి రాత్రంతా నాననిచ్చి, మర్నాడు స్టార్టు చేశాడు. ఆ పొగకి కాలనీలో దోమలు వారం రోజులు కనపడలేదు. నాలుగో ఫ్లోరు మామీ మాత్రం ఇప్పటికీ మాట్లాడటం లేదు. మూడో సిలిండరు 110కి వచ్చింది. అల్యూమినియంది పదమూడు పిచ్ ఫ్యాను పెట్టాం. 5000 చుట్లు, 43 కిలోమీటర్లు. అయిదేళ్లలో నేను సాధించలేనిది ఫ్యాను మార్చి, మసి కడిగి సాధించాడు. ఆ అయిదు కిలోమీటర్లకి నాకు ఎంత పడిందో రాయను, ఈ ఉత్తరం ఇంట్లో ఎవరైనా చదివితే కష్టం.

మీ స్నానం సంగతి కూడా చెప్పుకోవాలి. ఉప్పునీళ్లలో తిరిగి వచ్చిన ప్రతిసారీ మీకు మంచినీళ్లతో కడుపు కడగాలి, లేకపోతే లోపలి నీటి దారులు ఉప్పు పట్టి మూసుకుపోతాయి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టినట్టు మీ కాలికి రెండు రబ్బరు కప్పులు తగిలించి, పైపు పెట్టి, పది నిమిషాలు. 2019 వేసవిలో చెన్నైకి నీళ్లిచ్చే చెరువులు నేల కనిపించేలా ఎండిపోయినప్పుడు మా అపార్ట్‌మెంట్లో జనం బిందెలు పట్టుకుని ట్యాంకరు వెంట పరిగెత్తారు. నేను ఒక బిందె వంటింటికి, రెండు బిందెలు మీకు. తెలుగుగంగ ఒప్పందం మీద 1983లో సంతకాలు పెట్టినవాళ్లు కండలేరు నుంచి పూండికి కృష్ణ నీళ్లు పంపేది మద్రాసు జనం దాహం తీరడానికి అనుకుని ఉంటారు. అందులో ఒక టూ స్ట్రోకు పెద్దమనిషి వాటా కూడా ఉంటుందని ఎవరికి తెలుసు!

మీ మూత్రధార గురించి రాయాలంటే మొహమాటంగా ఉంది, కానీ తప్పదు. మీరు నడుస్తున్నంతసేపూ పక్కనుంచి సన్నటి నీటిధార రావాలి, అది వస్తేనే లోపల పంపు రబ్బరు రెక్కలు పని చేస్తున్నట్టు. నేను వెనక్కి తిరిగి పోస్తున్నారా లేదా అని చూసుకుంటూ పడవ నడుపుతాను. మా మామగారికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయినప్పుడు కూడా ఇంత శ్రద్ధ చూపించలేదని మా ఆవిడ అంది. నిజమే.

ఇంక 2023 డిసెంబరు. మిచౌంగ్ తుపాను. సర్వీసింగ్ కోసం మిమ్మల్ని ఇంటికి తెచ్చి వీధిలో ట్రైలరు మీద పెట్టాను. నాలుగో తేదీన వీధిలో నడుము లోతు నీళ్లు. ట్రైలరు మునిగింది, పడవ తేలింది. ఇన్నేళ్లలో మొదటిసారి వీధి మొత్తం నా వైపు గౌరవంగా చూసింది. నాలుగో ఫ్లోరు మామీ కూడా బాల్కనీలోంచి చూసింది. నేను పడవ వెనక, అమరం దగ్గర నిలబడి మీ స్టార్టు తాడు లాగాను. మీరు బుర్రుమన్నారు. ఒకటిన్నర నిమిషం! ఆ తర్వాత ఫ్యానుకి ఎవరి ఇంటిదో కర్టెనూ, రెండు ప్లాస్టిక్ సంచులూ చుట్టుకున్నాయి. మిమ్మల్ని పైకి వంచేశాను. నలభై గుర్రాలూ ఆకాశం వైపు కాళ్లెత్తి పడుకున్నాయి.

అంతలో జాలర్లు వచ్చారు. వాళ్ల ఫైబర్ పడవకి మోటారు ఉంది, కానీ వీధిలో దాన్ని వాడటం లేదు. పడవని చేతులతో తోస్తున్నారు. మన పడవకి తాడు కట్టారు. ఇద్దరు ముసలమ్మలు, ఒక బాలింత, పది పాల ప్యాకెట్లు, ఒక ఇన్వర్టరు బ్యాటరీ. అలవాటు కొద్దీ జీపీఎస్ చూశాను. గంటకు 3 కిలోమీటర్లు. మా తాత పెదగంజాం వైపు నుంచి బకింగ్‌హాం కాలువ మీద మద్రాసు వచ్చేవాడట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవని లాగేవారు. ఆయన వచ్చిన వేగంతోనే నేను మెయిన్ రోడ్డు చేరాను.

తాడు లాగుతున్న కుర్రాడు రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుని, "ఏంటి సార్ ఈ బరువు? ముసలోళ్లు బక్కగా ఉన్నారే, అడుగున ఇసుకేమైనా పోశారా?" అన్నాడు. తమిళంలో అన్నాడు, ఇంకో మాట కూడా కలిపి. అది రాయను.

ఆ మాట మేస్త్రీకి చెప్పాను. అతను ఏమీ మాట్లాడకుండా పడవని లారీల వే బ్రిడ్జి మీదకి తీసుకెళ్లమన్నాడు. ట్రైలరు బరువు తీసేసి చూస్తే ఉండాల్సినదానికంటే 130 కిలోలు ఎక్కువ. పాత ఫైబర్ పడవల్లో అడుగు కింద మునగకుండా ఫోమ్ నింపుతారు. ముప్పై ఏళ్లు తడిస్తే అది స్పాంజిలా నీళ్లు పీల్చి అక్కడే కాపురం పెడుతుంది. మేస్త్రీ అడుగున చిన్న కన్నం పెట్టాడు. నల్లటి నీళ్లు ధారగా మొదలై మర్నాటి దాకా కారాయి. ఆ వాసనకి వీధి కుక్కలు చోటు మార్చాయి. మునగకుండా కాపాడాల్సిన వస్తువే నన్ను ముంచుతూ వచ్చిందని తెలిసినప్పుడు నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. అది వేరే ఉత్తరం.

నేను అయిదేళ్లు మీ గుర్రాలను లెక్కపెట్టాను కానీ అవి లాగే బండిని తూకం వేయలేదు. ఇలాంటి పడవలకి క్రౌచ్ లెక్క అని ఒకటుంది. బరువుని గుర్రాలతో భాగిస్తే వచ్చినదాని వర్గమూలం ఎన్ని రెట్లు పెరిగితే వేగం అన్ని రెట్లు తగ్గుతుంది. దాని ప్రకారం గుర్రాలను రెట్టింపు చేసినా వేగం పెరిగేది 41 శాతమే. మిమ్మల్ని అమ్మేసి ఎనభై గుర్రాలవాణ్ణి తెచ్చుకుందామని నేను రెండుసార్లు అనుకున్నాను, ఇప్పుడు దాచడమెందుకు. తెచ్చి ఉంటే పడవ వెనక చెక్క విరిగి వాడూ నేనూ కలిసి నీళ్లలో పడేవాళ్లం. అదే మనుషులతో కలిపి 650 కిలోల పడవని 520కి దింపితే అదనపు గుర్రం ఒక్కటీ లేకుండా లెక్కకి పన్నెండు శాతం వేగం వస్తుంది. లెక్కకి! మనకి 46 వచ్చింది. మేస్త్రీ నన్ను ఎగాదిగా చూసి, "ఇంకా తగ్గించొచ్చు సార్" అని, నా పొట్ట వైపు చూడకుండా మర్యాదగా సముద్రం వైపు చూశాడు.

చివరగా మిమ్మల్ని పడవకి బిగించే బోల్టు కన్నాల్లో ఒక కన్నం పైకి ఎత్తి బిగించాడు, ముప్పాతిక అంగుళం. ఫ్యాను పైన ఉండే రేకు పడవ అడుగుకంటే బాగా కిందికి ఉంటే నీళ్లలో మీ కాలు అనవసరంగా ఈడ్చుకుంటుంది. 47. నాకు ఆశ పుట్టి ఇంకో రెండు కన్నాలు ఎత్తించాను. మలుపు తిప్పగానే ఫ్యాను గాలి మింగి గావుకేక పెట్టింది, మీ ధార ఆగింది, నా గుండె కూడా. మళ్లీ దించాం.

ఈ మధ్య పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ వస్తోంది. అది తేమని పీలుస్తుంది, మీ కాలంనాటి రబ్బరు గొట్టాలకి పడదు. మీరు మెల్లగా దగ్గుతున్నారని తెలుసు. గొట్టాలు మారుస్తాను, ట్యాంకు ఖాళీ చేసి పెడతాను, లీటరుకి 20 మిల్లీల నూనె మాత్రం ఎప్పటిలాగే. గుగ్గిళ్లలో కోత లేదు.

పోయిన ఆదివారం మీరు 47 మీద 5400 చుట్లు తిరిగారు. 5500 దాకా వెళ్లొచ్చు, అంటే ఒక్క పిచ్ పెంచడానికి చోటుంది. 5200కి దిగినా పరిధిలోనే ఉంటాం, జారుడు పెరగకపోతే 48 రావచ్చు. పద్నాలుగు పిచ్ ఫ్యాను ఆర్డర్ పెట్టాను, ఈసారి స్టెయిన్‌లెస్ స్టీలు. బుధవారం ఆఫీసు అడ్రసుకి వస్తుంది. మా ఆవిడ వచ్చి మీ మూత ఎత్తి ఏమైనా అడిగితే, పాతదే తోమించామని చెప్పండి.

ఇట్లు,
రెండు బిందెల బాకీదారు,
మీ రౌతు