సవరణ: స్లైమ్ మోల్డ్ టోక్యో రైలు మార్గాలను గీయలేదు

ఉద్దానంలోని మా జీడితోటలో, వానలకు నానిన మొద్దు మీద పసుపు ముద్దలా పాకిన స్లైమ్ మోల్డ్ గురించి గత వారం రాసిన టపాలో తప్పులు దొర్లాయి. దానిని శిలీంధ్రమన్నాను, పేరులో మోల్డ్ (బూజు) ఉన్నా అది అమీబాలకు దగ్గరి జీవి, అరచేయంత పరచుకున్నా అనేక కేంద్రకాలున్న ఒకే కణం.

పెద్ద తప్పు మరొకటి. 2000లో జపాన్ శాస్త్రవేత్త నకగాకి బృందం పరీక్షించిన ఫైసారమ్ పాలీసెఫాలమ్ అనే స్లైమ్ మోల్డ్, చిక్కుదారిలో ఒక కొసన బయలుదేరి వెతుక్కుంటూ రెండో కొసకు చేరిందని రాశాను. నిజానికి అది ముందే దారులన్నిటా నిండి ఉంది. రెండు కొసలా ఓట్స్ ఉంచాక, ఆహారం లేని సందుల నుంచి వెనక్కి తగ్గి, దగ్గరి దారిలో, తన దేహంలో ద్రవం పారే లావుపాటి నాళాన్ని మిగుల్చుకుంది. ద్రవం ఎక్కువగా పారే నాళం లావెక్కడం, పారనిది సన్నబడి మాయమవడం, ఇదే అది చేసే లెక్క (పొలం కాలువలు ఎరిగినవారికి ఇది వింతేమీ కాదు). 2010 నాటి ప్రయోగంలోనూ, టోక్యో చుట్టుపక్కల పట్టణాల స్థానాల్లో ఓట్స్ ఉంచితే అల్లుకున్న వల, ఖర్చులోనూ ఒకచోట తెగినా తట్టుకునే గుణంలోనూ అప్పటికే ఉన్న రైలు మార్గాలతో పోల్చదగినదిగా తేలిందే తప్ప, ‘రైల్వేకు నమూనా గీసి ఇచ్చింది’ అన్న నా వాక్యం అతిశయోక్తి. మా మొద్దు మీది ముద్ద కూడా ఫైసారమేనని రంగు చూసి తేల్చడం తొందరపాటు కనుక ఆ మాటనూ తొలగించాను.