సవరణ: చంద్రాపూర్ గాలి ‘150’ సంగతి

మహారాష్ట్రలోని చంద్రాపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు ఉండే మనవాళ్ల కోసం నిన్న పెట్టిన పోస్టులో ‘సన్నధూళి 150 మైక్రోగ్రాములు’ అని ఉంది. దాన్ని ‘ఫోన్ యాప్‌లో గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ) 150’ అని మార్చి చదువుకోండి.

ఆ యాప్‌ది అమెరికా స్కేలు. అందులో 150 అంటే ఘనపు మీటరు గాలిలో సన్నధూళి (పీఎం2.5) దాదాపు 55 మైక్రోగ్రాములు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి స్కేలులో అదే ధూళికి సూచీ 92 దగ్గర వస్తుంది, పైగా ‘సంతృప్తికరం’ అని పచ్చరంగు! మన దేశంలో సన్నధూళికి 24 గంటల పరిమితి 60 మైక్రోగ్రాములు మరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15 మైక్రోగ్రాములే. కాబట్టి పచ్చరంగు చూసి ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ ఇంట్లో వదిలి బయల్దేరొద్దు.

మిద్దె మీద ఆరేసిన బట్టలకు అంటుకునే నల్లపొడేనా పీఎం2.5 అని ఒకరు అడిగారు. కాదు. దులిపితే రాలేది, వేలికి గరగరలాడేది ముతక ధూళి. అందులో చాలామటుకు ముక్కు, గొంతు దగ్గరే ఆగుతుంది. పీఎం2.5 వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. బొగ్గు లారీల డీజిల్ పొగలో, చెత్త మంటల్లో ఉండేది అదే. థర్మల్ చిమ్నీల సల్ఫర్ డయాక్సైడ్ కూడా గాలిలో కలిశాక కొంత సన్నధూళిగా మారుతుంది. మూతికి దస్తీ కట్టుకుంటే ముతకది కొంత ఆగుతుంది, సన్నదానికి ఎన్95 మాస్కు కావాలి, అదీ ముఖానికి బిగుతుగా.

నిన్నటి పోస్టులో చంద్రాపూర్ థర్మల్ స్టేషన్ సామర్థ్యం 2,920 మెగావాట్లు అన్నది సరైనదే, అందులో మార్పు లేదు.