గ్రేమ్ హిక్ విఫలుడా?

1966లో నాటి రొడీషియాలోని సాలిస్‌బరీలో, అంటే నేటి హరారేలో పుట్టి, పదిహేడేళ్ళకే 1983 ప్రపంచకప్ ఆడిన జింబాబ్వే బృందంలో చోటు సంపాదించి, ఆపై ఇంగ్లండ్‌ను తన దేశంగా ఎంచుకున్న క్రికెటర్ గ్రేమ్ హిక్ గురించి ఇద్దరు మిత్రులు జరిపిన వాదం ఇది. నా మొగ్గు, హిక్ విఫలుడు కాడనే ఉత్తరపక్షం వైపే ఉన్నదని ముందే చెప్పడం న్యాయం.

పూర్వపక్షం: ప్రథమశ్రేణి క్రికెట్‌లో 136 శతకాలు, 41,112 పరుగులు చేసిన బ్యాటరు 65 టెస్టులు ఆడి ఆరు శతకాలతో, 31.32 సగటుతో ఆగిపోతే దాన్ని వైఫల్యం అనక మరేమంటారు? 1988లో టాంటన్‌లో సోమర్‌సెట్ మీద అజేయంగా 405 పరుగులు చేసినవాడు, 1991లో వెస్టిండీస్ మీద నాలుగు టెస్టుల్లో కలిపి చేసినవి 75 పరుగులు. ఇంగ్లండ్ దేశవాళీ జట్లైన కౌంటీల్లో చెల్లిన ఆట వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్ ఆంబ్రోస్ ఎదుట చెల్లలేదు.

ఉత్తరపక్షం: అంకెలను నేను కాదనను, వాటికి ముందు జరిగినదాన్ని మీరు వదిలేశారు. 1984లో వోర్సెస్టర్‌షైర్ కౌంటీ జట్టులో చేరిన హిక్, ఇంగ్లండ్‌లో నిర్ణీత కాలం నివసించి ఉండాలన్న నిబంధన కారణంగా ఇంగ్లండ్ జట్టుకు అర్హత పొందడానికి ఏడేళ్ళు వేచి ఉండవలసి వచ్చింది. ఆ ఏడేళ్ళలో అతడు చేసిన ప్రతి శతకమూ అతడిపై ఆశను ఒక మెట్టు పైకి ఎక్కించింది. చివరకు 1991 జూన్‌లో హెడింగ్లీ మైదానంలో తొలి టెస్టుకు అడుగుపెట్టినప్పుడు, వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లు ఆంబ్రోస్, ప్యాటర్సన్, మార్షల్, వాల్ష్‌లను ఎదుర్కొంటూనే, ఇంగ్లండ్‌ను గట్టెక్కించే వీరుడని లోకం అప్పటికే వేసిన ముద్రను కూడా అతడు మోయవలసి వచ్చింది. రెండు ఇన్నింగ్స్‌లోనూ ఆరేసి పరుగులు చేశాడు.

పూర్వపక్షం: దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టిన రాబిన్ స్మిత్ కూడా వచ్చి చేరినవాడే కదా? అతడు అదే ఇంగ్లండ్ జట్టులో, అవే వేగపు బంతులను ఎదుర్కొని, 43కు పైగా సగటు సాధించాడు. కాబట్టి పరాయితనం సాకు కాజాలదు.

ఉత్తరపక్షం: పరాయితనం అని నేను అనలేదు. హిక్‌తో పాటే అదే హెడింగ్లీ టెస్టులో అరంగేట్రం చేసిన మార్క్ రాంప్రకాశ్ ఇంగ్లండ్‌లోనే పుట్టినవాడు. ప్రథమశ్రేణిలో 114 శతకాలు చేశాడు, అయినా 52 టెస్టుల్లో అతడి సగటు 27.32. ఇద్దరినీ పదేపదే తీసేస్తూ, మళ్ళీ పిలుస్తూ గడిపిన దశాబ్దం అది. తన స్థానం తనదేనన్న భరోసా దొరకనివారికి ప్రతి ఇన్నింగ్స్ ఒక విచారణే అవుతుంది. 1995 జనవరిలో సిడ్నీలో హిక్ 98 పరుగులతో క్రీజులో ఉండగానే ఇంగ్లండ్ కెప్టెన్ ఆథర్టన్ ఇన్నింగ్స్ డిక్లేర్ చేశాడు, అంటే అక్కడితో ముగించాడు. ఆస్ట్రేలియా మీద టెస్టు శతకం అతడికి ఎన్నడూ దక్కలేదు. ఇక వన్డేలంటారా, 120 మ్యాచ్‌లలో 37.33 సగటు ఆ కాలానికి చిన్నది కాదు.

పూర్వపక్షం: సిడ్నీ విషయంలో నాకూ జాలి ఉంది. అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. 1992లో జింబాబ్వేకు టెస్టు హోదా, అంటే టెస్టులు ఆడే అర్హత వచ్చింది. అక్కడే ఉండిపోయి ఉంటే జింబాబ్వే బ్యాటరు ఆండీ ఫ్లవర్ పక్కన ఇన్నేళ్ళు, ఇంత సందేహం లేకుండా ఆడేవాడు కాదా?

ఉత్తరపక్షం: 1984లో పద్దెనిమిదేళ్ళ కుర్రవాడికి ఆ హోదా వస్తుందని ఎవరు చెప్పగలిగేవారు? అప్పుడు అతడి ముందు ఉన్న దారి ఒక్కటే, దానిలోనే నడిచాడు. 2000 మేలో లార్డ్స్‌లో అతడు 101 పరుగులు చేశాడు. అది అతడి చివరి టెస్టు శతకం. ఎదుటి జట్టు జింబాబ్వే, దాని కెప్టెన్ మీరు చెప్పిన ఆండీ ఫ్లవరే.