ఆలోచించే ఫాదరుగారికి రెక్టరు పదవే మందు

శ్రీసభ, అంటే కేథలిక్ చర్చి, తన పండితుల నోరు మూయించడానికి ఒకప్పుడు పడరాని పాట్లు పడింది. 1950లో ఫ్రాన్సులోని లియోన్‌లో ఆన్రి ద లుబాక్ అనే జెసూయిట్ సన్యాస సభ ఆచార్యుణ్ణి పాఠాలు చెప్పే పని నుంచి తప్పించి, ఆయన పుస్తకాలు కొన్నింటిని జెసూయిట్ గ్రంథాలయాల్లోంచి తీయించారు. 1954లో డొమినికన్ అనే మరో సన్యాస సభ గురువు (ఫాదరు) ఈవ్ కోంగార్‌ను పారిస్ దగ్గరి విద్యాపీఠం నుంచి యెరూషలేము పంపించారు. ఇంత చేసీ ఒరిగిందేమిటి? ఆ ఇద్దరే లోకంలోని కేథలిక్ మేత్రాణులు (బిషప్పులు) కూడిన రెండవ వాటికన్ మహాసభకు నిపుణులుగా వచ్చి కూర్చున్నారు, ఆపైన 1983లో ఒకరికి, 1994లో మరొకరికి పిలిచి మరీ కార్డినల్ టోపీ పెట్టవలసి వచ్చింది. ఖర్చుకు ఖర్చు, అపకీర్తికి అపకీర్తి.

మన దేశంలోని తత్వశాస్త్ర, దైవశాస్త్ర కళాశాలలు ఈ విషయంలో రోముకు పాఠం చెప్పగల స్థితిలో ఉన్నాయని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇక్కడ ఎవరినీ నిషేధించరు, ఎవరికీ హెచ్చరిక లేఖ రాదు. బాగా ఆలోచిస్తున్నాడని అనుమానం తగిలిన గురువును కళాశాలకు అధిపతిగా, అంటే రెక్టరుగా నియమిస్తారు. బాధితుడికే పూలదండ వేసి శాలువా కప్పే ఇలాంటి శిక్ష చరిత్రలో మరొకటి లేదు.

ఈ పద్ధతి గొప్పతనం తెలియాలంటే ఒక పండితుణ్ణి తయారుచేయడానికి ఎంత పడుతుందో చూడాలి. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం గురువిద్యార్థి తత్వశాస్త్రం రెండేళ్లు, దైవశాస్త్రం నాలుగేళ్లు చదవాలి. గురువులను తయారుచేసే సెమినరీలో ఆ శాస్త్రాలు బోధించాలంటే రోము గుర్తించిన విద్యాలయం నుంచి లైసెన్షియేట్ (డాక్టరేటుకు ముందు పట్టా) గానీ డాక్టరేటు గానీ ఉండి తీరాలి. అందుకని మనవాడు రోము వెళ్లి, ఇటాలియన్‌లో పాఠాలు విని, గ్రీకు, హీబ్రూలతో కుస్తీ పట్టి, పెట్టెనిండా పుస్తకాలతో తిరిగివస్తాడు. రెండేళ్లు పాఠం చెప్పేసరికి బ్రదర్లు, అంటే గురువిద్యార్థులు, భోజనాల బల్ల దగ్గర కూడా ప్రశ్నలు వేయడం మొదలుపెడతారు. పైవారు ప్రమాదాన్ని పసిగట్టేది అప్పుడే.

నియామకం జరిగిన మర్నాడు పొద్దున్న ప్రార్థన ముగియకముందే బోరు మోటారు కాలిపోయిందని కబురు వస్తుంది. ఆ తరువాత జనరేటరుకు డీజిలు, మెస్సుకు బియ్యం, ప్రహరీగోడ విషయంలో పక్కవారితో తగవు. వీటన్నిటినీ తలదన్నేది విదేశీ విరాళాల చట్టం. 2020 సవరణ తరువాత విదేశాల నుంచి వచ్చే విరాళంలో ప్రతి రూపాయీ మొదట న్యూఢిల్లీలో పార్లమెంటు వీధిలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖలో కాలు పెట్టాలి. త్రిత్వంలో ముగ్గురు వ్యక్తులు ఒకే దేవుడెలా అవుతారో నాలుగు వందల పేజీల్లో నిరూపించిన మహానుభావుడు, మూడు ఖాతాలు కలిసి ఒకే మొత్తం ఎందుకు కాలేదో ఆడిటరుకు నాలుగు ముక్కల్లో చెప్పలేక చెమటలు కక్కుతుంటాడు. ఆయన బల్లమీద రోము నుంచి తెచ్చుకున్న ఒక పుస్తకం నలభై ఆరో పేజీ దగ్గర ఆగి ఉంటుంది. గుర్తుగా పెట్టింది కరెంటు బిల్లు.

అలాగని ఆయన రచనలు ఆగిపోతాయనుకోవడం పొరపాటు. జూబిలీ సావనీరులో రంగుల ఫొటో కింద ఏటా సందేశం అచ్చవుతూనే ఉంటుంది.

ఈ ఉపాయం ముందే తెలిసి ఉంటే రోము ఎంత శ్రమ తప్పించుకునేదో! బెల్జియం జెసూయిట్ జాక్ డుప్యూయి 1948లో భారతదేశం వచ్చి, కుర్సియాంగ్‌లోనూ ఢిల్లీలోనూ దైవశాస్త్రం చెప్పి, 1984లో రోము గ్రెగోరియన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. ఇతర మతాలకు దేవుని ప్రణాళికలో చోటేమిటన్న ప్రశ్నతో 1997లో ఆయన రాసిన పుస్తకంపై మరుసటి ఏడే విచారణ మొదలైంది, వియన్నా మాజీ ఆర్చిబిషప్ కార్డినల్ కేనిగ్ ఆయన పక్షాన బహిరంగంగా నిలబడ్డారు, చివరకు 2001లో అధికారిక ప్రకటన వెలువడింది. ఢిల్లీలో ఉండగానే ఆయన నెత్తిన ఒక హాస్టలు భవన నిర్మాణం పెట్టి ఉంటే ఆ పుస్తకమూ ఉండేది కాదు, విచారణా ఉండేది కాదు. హాస్టలు మాత్రం ఉండేది.

పదమూడో శతాబ్దపు మహా దైవశాస్త్రవేత్త పునీత తోమాసు అక్వినాసుగారి మాటేమిటని కొందరు అడ్డం తగులుతారు. నేపుల్స్ అగ్రపీఠం (ఆర్చిబిషప్ పదవి) ఇస్తామంటే వద్దని రాసుకుంటూ కూర్చున్న ఆయన మన కళాశాలలకు ఆదర్శం కాజాలరు. అయినా 1273 డిసెంబరులో ఆయన కూడా తాను రాసిందంతా గడ్డిపరకలా కనిపిస్తున్నదని కలం దించేశారు కదా! అందుకు ఆయనకు దివ్యదర్శనం కావలసి వచ్చిందంటారు, మన రెక్టర్లకు విద్యుత్ శాఖవారి దర్శనం చాలు. జనవరి 28న ఆయన పండుగ సదస్సును ఘనంగా జరుపుతాం. జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, శాలువాలు, మేత్రాణులవారి ఆశీస్సులు పూర్తయ్యాక, భోజనానికి ముందు పది నిమిషాలు మిగిలితే అక్వినాసు మీద పత్రం చదివిస్తాం.

దైవశాస్త్రంలో డాక్టరేటు చేసిన సిస్టర్లకు మాత్రం ఈ మందు పనిచేయదు, ఎందుకంటే వారిని రెక్టరు చేసే అలవాటు లేదు. వారికి వారానికి ఒక్క గంట పాఠం ఇచ్చి, అది కూడా మధ్యాహ్న భోజనం తరువాత పెడితే సరిపోతున్నది.

బిల్లులకూ భవనాలకూ ఒక మంచి మేనేజరును పెట్టుకుని గురువును చదువుకోనిస్తే పోదా అని ఈమధ్య కొందరు బ్రదర్లు గుసగుసలాడుతున్నారట. డబ్బు లెక్కలు బయటివారి చేతికి ఇవ్వడమా అని పాలకమండలి ఉలిక్కిపడింది. ఆలోచనలను ఆడిటరుకు అప్పగించడంలో ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు.

ప్రస్తుత రెక్టరుగారి గడువు వచ్చే మేలో ముగుస్తుంది. నిన్నమొన్న రోము నుంచి వచ్చిన చిన్న ఫాదరుగారొకరు రాత్రి పదకొండు దాటాక కూడా గ్రంథాలయంలో దీపం ఆర్పడం లేదనీ, ఒక విదేశీ పత్రికకు వ్యాసం పంపారనీ పైవారికి సమాచారం అందింది. కొత్త రెక్టరు కోసం వెతకవలసిన అవసరం ఇక లేనట్టే.