సాగరగర్భ ప్రవేశానికి శాస్త్రోక్త సన్నాహాలు

మాల్దీవుల్లో ఏడు రాత్రులు పడవ మీదే తిని, పడవ మీదే పడుకుని, రోజుకు మూడేసి సార్లు సిలిండరు వీపుకు తగిలించుకుని సముద్రంలోకి దూకి వచ్చే యాత్రను సఫారీ అంటారు. మన మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగులలో ఈ యాత్ర మీద మోజు పెరిగిన మాట నిజమే గాని, దానికి ఎలా సిద్ధం కావాలన్న విషయంలో తెలుగులో ప్రామాణికమైన మార్గదర్శకత్వం లేకపోవడం విచారకరం. డైవింగ్ నేర్పేవారి పుస్తకాలు లేకపోలేదు. అయితే అవి ఈత, శ్వాస, పీడనం వంటి అప్రధాన విషయాలకు పేజీలకు పేజీలు ధారపోసి, బంధువులకు ఏమని చెప్పాలి, పచ్చడి సీసాను సూట్‌కేసులో ఏ మూల సర్దాలి అన్న అసలు ప్రశ్నల జోలికే పోవు. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సన్నాహంలో మొదటి ఘట్టం ప్రకటన. టికెట్లు చేతికందిన రోజే కుటుంబ వాట్సాప్ గ్రూపులో విషయం తెలియజేయాలి. దీనివల్ల తర్వాత భయం వేసినా పరువు కోసమైనా వెళ్ళక తప్పని పరిస్థితి ఏర్పడుతుంది. వెంటనే పెదనాన్నగారు, "చేపలు చూడ్డానికి అంత దూరం దేనికిరా, విశాఖ బీచ్ రోడ్డులో మత్స్యదర్శిని ఉండగా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు తర్కానికి నిలిచే సమాధానం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అమ్మ మాత్రం, "నీళ్ళ లోపల ఊపిరెలా తీసుకుంటావు నాయనా?" అని అడుగుతుంది. జాక్ కూస్తో, ఎమిల్ గన్యాన్ అనే ఫ్రెంచివారిద్దరు 1943లో ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ లోతుకు తగిన పీడనంతో గాలి అందించే పరికరాన్ని తయారు చేసి ఈ సమస్యను పరిష్కరించారు. అమ్మను ఒప్పించే పరికరం గురించి వారు ఆలోచించినట్టు లేదు.

తర్వాతది అర్హత. మాల్దీవుల సఫారీ పడవలలో చాలావాటికి ఎక్కేముందు అడ్వాన్స్‌డ్ స్థాయి సర్టిఫికెట్టుతో పాటు, ఇన్ని డైవ్‌లు చేశామని రాసుకున్న లాగ్‌బుక్ కూడా చూపించమంటారు. ఈ పట్టుదల ఎందుకంటే అక్కడి డైవింగ్ చాలావరకు కందు అని పిలిచే కాలువలలో జరుగుతుంది. పగడపు దిబ్బల వలయంలోకి మహాసముద్రపు నీరు వచ్చేదీ పోయేదీ ఆ సందులలోంచే కాబట్టి, ప్రవాహం మనిషి ఇష్టాయిష్టాలను సంప్రదించదు. మనవారి దగ్గర సర్టిఫికెట్టు లేకపోయినా అంతకంటే విలువైన అండమాన్ అనుభవం ఉంటుంది. అక్కడి హావ్‌లాక్ దీవిలో అరగంట పాటు, వెనకనుంచి శిక్షకుడు పిల్లి తన పిల్లను మెడ పట్టుకుని మోసినట్టు సిలిండరు పట్టుకుని తిప్పగా, ఎదుట మరొకరు వీడియో తీయగా సంపాదించిన అనుభవమది. ఆ వీడియోలో శిక్షకుడి చేతులు కనిపించకుండా కత్తిరించుకున్నవారు తమకు ఇక కోర్సు అవసరం లేదని హృదయపూర్వకంగా నమ్ముతారు.

కోర్సు చేయాలంటే ఈత పరీక్ష కూడా ఉంటుంది. ప్రాథమిక స్థాయి ఓపెన్ వాటర్ కోర్సులో ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటి మీద తేలుతూ ఉండాలి. వేగంతో నిమిత్తం లేదు, ఏ తరహా ఈతైనా ఫరవాలేదు. ఇంత ఉదారమైన పరీక్షను కూడా మనవారు అవమానంగా భావించడానికి కారణం లేకపోలేదు. మునగడానికి వెళుతున్న మనిషిని తేలమనడం ఏమి న్యాయం?

కొనుగోళ్ళ విషయంలో మాత్రం ఏ ఉపేక్షా కనిపించదు. వెట్‌సూట్ అనే ఒంటిని పట్టి ఉండే డైవింగ్ దుస్తు ముందుగా వస్తుంది. మాల్దీవుల నీరు ఏడాది పొడవునా ఇంచుమించు 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది కాబట్టి 3 మిల్లీమీటర్ల మందం ఉన్నది చాలు, అదీ పడవలో అద్దెకు దొరుకుతుంది. అయినా ఒకరు ధరించినది మనం ధరించడం మన సంప్రదాయం కాదు. పడకగదిలో తలుపు వేసుకుని దానిలోకి ప్రవేశించడానికి పట్టే శ్రమ, తిరిగి బయటపడటానికి కుటుంబ సభ్యులు అందించే సహకారం, సన్నాహాలన్నిటిలోనూ శారీరక వ్యాయామం అనదగిన ఏకైక ఘట్టం. ఎరుపు అంచుల వెట్‌సూట్ ఫోటోలో బాగుంటుందని కొన్నవారికి ఒక చేదు నిజం చెప్పక తప్పదు. నీరు అన్నిటికంటే ముందుగా మింగేసే రంగు ఎరుపే, కొద్ది మీటర్లు దిగేసరికి ఆ అంచులు బూడిద రంగులో ఉంటాయి.

డైవ్ కంప్యూటర్ అనే గడియారాన్ని యాత్రకు నెల రోజుల ముందునుంచే ఆఫీసుకు పెట్టుకుని వెళ్ళాలి. అది లోతును, గడిచిన సమయాన్ని, శరీరంలో చేరిన నత్రజనిని లెక్కగట్టి, ఇంకెంతసేపు ఉండవచ్చో చెబుతుంది. సమావేశంలో ఎవరైనా అడిగినప్పుడు ఈ సంగతి వివరిస్తే ఎజెండాలో రెండు అంశాలు వాటంతటవే వాయిదా పడతాయి. ఇంత ఖరీదైనవి కొన్నవారు, వాటిలో పదో వంతు ధరకు దొరికే రెండు వస్తువులను మాత్రం కొనరు. పైకి వస్తున్నామని పడవవారికి తెలిసేలా గాలి నింపి పైకి వదిలే నారింజరంగు గొట్టపు బుడగ ఒకటి, ప్రవాహంలో కొట్టుకుపోకుండా జీవం లేని రాతికి తగిలించుకునే కొక్కెం మరొకటి. కందుల దగ్గర మనిషిని కాపాడేవి ఈ రెండే. కాకపోతే వీటిని మెడలో వేసుకుని సెల్ఫీ దిగితే హుందాగా ఉండదు.

ఇక శాస్త్ర పరిజ్ఞానం. ఇందులో మన తెలుగువారిని మించినవారు లేరని గర్వంగా చెప్పుకోవచ్చు. స్థిర ఉష్ణోగ్రత వద్ద వాయువు పీడనం, ఘనపరిమాణాల లబ్ధం స్థిరమని చెప్పే బాయిల్ నియమాన్ని ఇంటర్‌లో నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పినవారు, దాని మీద వచ్చిన ఎంసెట్ ప్రశ్నను నలభై సెకన్లలో సాధించినవారు మన ఇంజినీర్లు. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కాబట్టి, 30 మీటర్ల దగ్గర పీడనం నాలుగింతలు అవుతుందని, ఒక్కొక్క ఊపిరికి సిలిండరులో గాలి నాలుగింతలు ఖర్చవుతుందని, అక్కడ నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి నాలుగింతలు వ్యాకోచిస్తుందని వారు వేళ్ళ మీద లెక్కగట్టి చెబుతారు. డైవింగ్‌లో మొట్టమొదటి సూత్రమైన "ఊపిరి బిగబట్టరాదు" అన్నది కూడా ఈ లెక్కలోంచే పుట్టింది. బిగబట్టి పైకి లేస్తే వ్యాకోచించే గాలికి ఊపిరితిత్తులు చిరుగుతాయి. ఇంత తెలిసినవారు నీటిలో తల ముంచిన మరుక్షణం చేసే మొదటి పని ఊపిరి బిగబట్టడమే. బహుళైచ్ఛిక ప్రశ్నల మధ్య బతికిన మేధస్సుకు నాలుగు ఆప్షన్లు ఇవ్వకుండా అలల మీద వదిలేస్తే అంతకంటే ఏమి చేయగలదు?

ఇదే నియమం భోజన విషయంలోనూ వర్తిస్తుందని పెద్దలు గ్రహించాలి. ముద్దపప్పు, ఆవకాయ కలిపి రెండుసార్లు మారడిగి తిన్న తర్వాత 30 మీటర్ల లోతుకు దిగితే, అక్కడ ఉదరంలో పుట్టిన వాయువు తిరుగు ప్రయాణంలో తన సహజ హక్కులను కోరుతుంది. అయినా పచ్చడి లేకుండా దేశం దాటడం మనకు చేతకాని పని గనుక, సీసాను చేతి సంచిలో కాక పెద్ద పెట్టెలో, మూడు ప్లాస్టిక్ సంచులలో చుట్టి పెట్టాలి. నిజానికి మాల్దీవుల పొద్దుటి ఫలహారమైన మస్ హుని, అంటే తురిమిన కొబ్బరి, ఉల్లి, మిరప, నిమ్మరసంతో కలిపిన టూనా చేప, మన నోటికి పరాయిది కానే కాదు. శనివారం నియమం ఉన్నవారి సంగతి వేరు. ఆ దేశంలోకి మద్యం, పంది మాంసం, పూజించే విగ్రహాలు తీసుకువెళ్ళడం నిషిద్ధం కాబట్టి, అమ్మ బట్టల మడతల్లో దాచి పెట్టే చిన్న వేంకటేశ్వరస్వామిని బయలుదేరే ముందే వెతికి, క్షమాపణలు చెప్పుకుని పూజగదిలో దిగబెట్టాలి. వీసా గురించి బెంగ అక్కర్లేదు, భారతీయులు దాన్ని ముందుగా తీసుకోనక్కర్లేదు. ప్రయాణానికి 96 గంటల లోపు ఆన్‌లైన్‌లో ఒక ఫారం నింపితే సరిపోతుంది.

ముహూర్తం విషయంలో మాత్రం అమ్మమ్మ మాట వినడం శ్రేయస్కరమని నా దృఢమైన అభిప్రాయం. ఆధునికులు నవ్వవచ్చు గాని, డైవ్ గైడు కూడా తిథి చూసుకునే మనిషే. అమావాస్యకూ పౌర్ణమికీ ఆటుపోట్లు తీవ్రమవుతాయి, కందులలో ప్రవాహం జోరందుకుంటుంది, దాంతో పాటు పెద్ద చేపలూ వస్తాయి. నైరుతి రుతుపవనాల కాలంలో బా అటోల్ అనే పగడపు వలయంలోని హనిఫారు అఖాతానికి మాంటా రే చేపలు గుంపులుగా వచ్చేది కూడా ఈ తిథులను అనుసరించే. అక్కడ స్కూబా, అంటే సిలిండరుతో మునగడం, నిషిద్ధం, స్నార్కెల్ అనే ఊపిరి గొట్టంతో పైపైన ఈదుతూ మాత్రమే చూడాలి. అంటే ఈత రావాలి. ఆ కారణంగా ఆ అఖాతాన్ని మన ప్రణాళికలోంచి తొలగించడమైనది.

పడవ ఎక్కేముందు చేతికిచ్చే ఆరోగ్య ప్రశ్నావళి గురించి ఒక మాట. ఉబ్బసం ఉందా, గుండెజబ్బు ఉందా, చెవి శస్త్రచికిత్స జరిగిందా అని అడిగే ఆ కాగితంలో ఒక్క దానికి "అవును" అన్నా డాక్టరు సంతకం తెమ్మంటారు. గృహప్రవేశం నుంచి పెళ్ళిచూపుల వరకు ప్రతిచోటా తన బీపీ, సుగర్ అంకెలను అడగకుండానే వినిపించే మన సగటు మనిషి, ఈ ఒక్క కాగితం ముందు మాత్రం సంపూర్ణ ఆరోగ్యవంతుడైపోతాడు. బీమా కూడా అంతే. మామూలు ప్రయాణ పాలసీలలో చాలావాటికి స్కూబా వర్తించదన్న ముక్క చిన్న అక్షరాలలో ఉంటుంది గనుక, కళ్ళకు శ్రమ ఎందుకని చదవకుండా సంతకం చేయడం ఆనవాయితీ.

సెలవు దరఖాస్తులో వచ్చే చిక్కు ఇంతకంటే పెద్దది. వరుస డైవ్‌ల తర్వాత కనీసం 18 గంటలు గడవనిదే విమానం ఎక్కరాదు. కణజాలాలలో కరిగి ఉన్న నత్రజని, తక్కువ పీడనంలో బుడగలు కట్టి, కీళ్ళనొప్పుల దగ్గర మొదలై పక్షవాతం దాకా తీసుకుపోగలదు. అంటే చివరి రోజంతా పడవ మీద ఊరికే కూర్చోవాలి. "నా నత్రజని ఇంకా దిగలేదు, సోమవారం సమావేశానికి రాలేను" అని మేనేజరుకు రాయగల ధైర్యం, తిమింగల సొరచేప ఎదుట నిలబడే ధైర్యం కంటే అరుదైనది.

సన్నద్ధత అంటే ఏమిటో చూపించినవారు ఆ దేశపు మంత్రులే. సముద్రమట్టం పెరిగితే తమ దీవులు మునిగిపోతాయని ప్రపంచానికి చెప్పడానికి 2009 అక్టోబరు 17న అధ్యక్షుడు మొహమ్మద్ నషీద్ తన మంత్రివర్గ సమావేశాన్ని గిరిఫుషి వద్ద అయిదారు మీటర్ల లోతున, నీటి అడుగున బల్లలు వేయించి నిర్వహించారు. మంత్రులు ముందుగా డైవింగ్ శిక్షణ పొంది, సైగలతోనే చర్చించి, కర్బన ఉద్గారాలు తగ్గించమని కోరే పత్రం మీద సంతకాలు చేసి, అరగంటలో పైకి వచ్చారు. ఎవరూ ఎవరి మాటకూ అడ్డు తగలని, మైకులు విరగని ఆ సభను మన అమరావతిలోనూ హైదరాబాదులోనూ ఆదర్శంగా స్వీకరించవచ్చు. కాని ఊపిరి పీల్చడానికే నోరు వాడాలన్న నిబంధనకు ఏ పక్షమూ ఒప్పుకోదు.

సైగల ప్రస్తావన వచ్చింది కాబట్టి, మన యాత్రికుడిని అన్నిటికంటే ఎక్కువగా ప్రమాదంలో పడేసేది బొటనవేలని హెచ్చరించాలి. పైకెత్తిన బొటనవేలు నేల మీద "సూపర్" అన్నట్టు. నీటిలో దాని అర్థం "డైవ్ ముగించి పైకి వెళదాం" అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. జీవితంలో మొదటిసారి మాంటా రేను చూసిన ఆనందంలో మనవాడు రెండు బొటనవేళ్ళూ ఎత్తుతాడు, గైడు సొంత గొడవలన్నీ వదిలి అతన్ని పైకి తీసుకుపోతాడు, మిగిలిన బృందం కూడా వెంట రావలసి వస్తుంది. చేప అక్కడే ఉంటుంది. పైకి వచ్చాక అది ఎంత పెద్దదో వర్ణించడంలో మాత్రం మనకు భౌతికశాస్త్రం అండగా ఉంది. మాస్కు అద్దంలోంచి చూస్తే నీటిలోని వస్తువులు దాదాపు మూడో వంతు పెద్దవిగా కనిపిస్తాయి. మిగిలిన రెండింతలు వక్త స్వయంకృషి.

ఈ విధంగా కెమెరా, కంప్యూటరు, పచ్చడి, పాలసీ, తిథి, వాంతుల మాత్రలు అన్నీ సమకూరిన తర్వాత, బయలుదేరడానికి వారం రోజుల ముందు కొందరికి ఈత నేర్చుకోవాలన్న బలహీనత కలుగుతుంది. అప్పటికే పట్టిక నిండిపోయి ఉంటుంది. పైగా కాలనీ కొలనులో పెద్దలకు కేటాయించిన గంట సరిగ్గా కార్యాలయపు ఫోన్ కాల్ సమయానికే వస్తుంది. కంగారు పడనక్కరలేదు. ఆ సంగతి తిరిగి వచ్చాక, వేసవి సెలవుల్లో పిల్లలతో పాటు నెమ్మదిగా చూసుకోవచ్చు.